ఇంటి వై-ఫై

ఇంటి వై-ఫై అనగా ఒక ఇంటికి వచ్చే ఒకే ఒక ఇంటర్నెట్ కనెక్షనును, తీగలు లేకుండా రేడియో తరంగాల ద్వారా, ఆ ఇంటిలోని అనేక పరికరాలు ఒకే సమయంలో పంచుకొనే ఏర్పాటు. ఈ పంపకాన్ని నిర్వహించే చిన్న పెట్టెను రూటరు అంటారు. సెల్ ఫోనులు, కంప్యూటర్లు, టెలివిజన్లు, ప్రింటర్లు, నిఘా కెమేరాలు మొదలైనవన్నీ ఈ రూటరు ద్వారానే అంతర్జాలాన్ని చేరుకుంటాయి.

ఈ ఏర్పాటులో పంచుకొనేవి మూడు: కనెక్షను వేగం, గాలిలోని రేడియో తరంగాల సమయం, బయటి ప్రపంచానికి కనిపించే చిరునామా. మొదటి రెండింటి వలన నెట్ నెమ్మదించడం వంటి ఇబ్బందులు కలుగుతాయి. మూడవదాని వలన బాధ్యత ఏర్పడుతుంది. ఇంటిలోని ఏ పరికరం నుండి ఏమి వెళ్ళినా, కనెక్షను ఎవరి పేరున ఉన్నదో వారి నుండే వెళ్ళినట్లు కనిపిస్తుంది.

చరిత్ర

కంప్యూటర్లను రేడియో తరంగాలతో కలపడం కొత్త ఆలోచన కాదు. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నిర్మించిన అలోహానెట్ 1971లో పనిచేయడం మొదలుపెట్టింది. వేర్వేరు ద్వీపాలలోని యంత్రాలు ఒకే రేడియో మార్గాన్ని ఎలా పంచుకోవాలి అన్న ప్రశ్నకు అది తొలి సమాధానాలలో ఒకటి.

1985లో అమెరికా ప్రభుత్వం కొన్ని రేడియో పట్టీలను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించింది. 1997లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ 802.11 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. వివిధ కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి సరిగా పనిచేసేలా చూడడానికి 1999లో ఏర్పడిన కంపెనీల కూటమి "వై-ఫై" అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది. ప్రమాణాల వరుస ఈ విధంగా ఉన్నది:

* 1997 - మొదటి 802.11, సెకనుకు 2 మెగాబిట్ల వరకు
* 1999 - 802.11బి, 11 మెగాబిట్ల వరకు
* 2003 - 802.11జి, 54 మెగాబిట్ల వరకు
* 2009 - 802.11ఎన్ (వై-ఫై 4), 600 మెగాబిట్ల వరకు
* 2013 - 802.11ఏసీ (వై-ఫై 5)
* 2021 - 802.11ఏఎక్స్ (వై-ఫై 6)

ఇవన్నీ ప్రయోగశాలలో సాధ్యమయ్యే గరిష్ఠ వేగాలు. ఇంటిలో గోడలు, దూరం, ఇరుగుపొరుగు రూటర్ల వలన అందులో కొంత భాగమే దక్కుతుంది.

భారతదేశంలో

భారత ప్రభుత్వం 2004లో ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం సెకనుకు కనీసం 256 కిలోబిట్ల వేగం ఉన్న కనెక్షనును బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ టెలిఫోను తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ సేవను ప్రారంభించింది. అదే నెల చివర, 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో తక్కువ శక్తి గల పరికరాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చునని కేంద్ర ప్రభుత్వం నియమావళిని వెలువరించింది. పంచుకోదగిన కనెక్షను, పంచే అనుమతి ఒకే నెలలో లభించాయన్న మాట. 5 గిగాహెర్ట్‌జ్ పట్టీలోని ఎక్కువ భాగానికి లైసెన్సు మినహాయింపు 2018 అక్టోబరులో లభించింది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని 2023 జనవరిలో సెకనుకు 2 మెగాబిట్లకు పెంచారు.

256 కిలోబిట్ల కాలంలో 700 మెగాబైట్ల సినిమా ఒకటి దిగుమతి కావడానికి ఆరు గంటలు పట్టేది. అదే సినిమాకు 100 మెగాబిట్ల కనెక్షను మీద ఒక నిమిషం చాలు. ఒక కంప్యూటరుకే చాలీచాలని వేగాన్ని నలుగురు పంచుకోవాలన్న ఆలోచన తొలి రోజులలో తక్కువ ఇళ్ళలోనే ఉండేది. ఫైబరు తీగలు, చవకైన సెల్ ఫోనులు వచ్చిన తరువాత ఇంటి వై-ఫై సర్వసాధారణమైంది.

తెలుగు రాష్ట్రాలలో

ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్‌నెట్ సేవకు తొలి నమూనా గ్రామాలలో ఒకటి కోనసీమలోని మోరి. 2016 డిసెంబరులో ఈ గ్రామాన్ని డిజిటల్ గ్రామంగా ప్రారంభించారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. అంతర్జాలం, టెలివిజను, టెలిఫోను మూడింటినీ కలిపి నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇవ్వడం అప్పట్లో దీని ప్రత్యేకత.

తెలంగాణలో మిషన్ భగీరథ తాగునీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే ఆప్టికల్ ఫైబరు తీగలను కూడా వేసే ప్రణాళికతో టీ-ఫైబర్ రూపుదిద్దుకొన్నది. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ఈ సేవను ప్రారంభించిన గ్రామాలలో సంగారెడ్డి జిల్లాలోని సంగుపేట ఒకటి.

నారాయణఖేడ్ ఇదే జిల్లాలో, కర్ణాటకలోని బీదర్ జిల్లా సరిహద్దుకు సమీపంలో ఉన్న పట్టణం, రెవిన్యూ డివిజను కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. దీని చుట్టూ అనేక చిన్న గ్రామాలు, తండాలు ఉన్నాయి. ఇటువంటి ప్రాంతాలలో ఇంటికి అంతర్జాలం చేరడానికి మూడు మార్గాలు ఉంటాయి: ఫైబరు తీగ, సెల్ టవరు, పాతవైన టెలిఫోను తీగలు. తీగ చేరిన ఇంటిలో రూటరు ఉంటుంది. తీగ చేరని ఇంటిలో ఒకరి సెల్ ఫోనే రూటరు పని చేస్తుంది.

ఒకే కనెక్షనును పంచుకోవలసిన అవసరం కోవిడ్ కాలంలో బాగా తెలిసివచ్చింది. బడులు మూతపడగా, 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వం టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ళ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. అంతర్జాలం ద్వారా పాఠాలు చెప్పిన బడులలో చదివే పిల్లలు ఇద్దరున్న ఇంటిలో, రెండు తరగతులు ఒకే గంటలో జరిగితే, ఒక్క కనెక్షను ఇద్దరికీ సరిపోవాలి. తండ్రి ఫోను పనిమీద బయటకు వెళ్తే తరగతి కూడా దానితోపాటే వెళ్ళిపోయేది. ఇంటిలో స్థిరంగా ఉండే రూటరు విలువ ఇక్కడే తెలుస్తుంది.

పని చేసే విధానం

ఒక చిరునామా, అనేక పరికరాలు

అంతర్జాలంలో ప్రతి సంధానానికి ఐపీ చిరునామా అనే సంఖ్య ఉంటుంది. నాలుగవ రూపాంతరంలో (ఐపీవీ4) సాధ్యమయ్యే చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచంలోని పరికరాలన్నింటికీ ఇవి చాలవు. అందువలన 1994లో చిరునామా మార్పిడి అనే పద్ధతిని ప్రతిపాదించారు. దీనిని నాట్ అంటారు.

దీనిని ఒక ఉమ్మడి కుటుంబానికి వచ్చే ఉత్తరాలతో పోల్చవచ్చు. తపాలా శాఖకు తెలిసినది ఇంటి నంబరు ఒక్కటే. ఉత్తరం ఇంటికి చేరాక అది పెద్దమ్మకా, చిన్నాన్నకా అన్నది ఇంటివారు చూసుకుంటారు. రూటరు ఆ ఇంటి పెద్ద వంటిది. అది ఇంటిలోని పరికరాలకు 192.168.1.2, 192.168.1.3 వంటి లోపలి చిరునామాలు ఇస్తుంది. ఏ పరికరం ఏ సమాచారాన్ని అడిగిందో ఒక పట్టికలో వ్రాసుకొని, జవాబు రాగానే దానికే అందిస్తుంది. 192.168తో మొదలయ్యే చిరునామాలు లక్షలాది ఇళ్ళలో ఒకేలా ఉన్నా గొడవ రాదు. అవి ఇంటి గుమ్మం దాటవు.

కొత్తదైన ఐపీవీ6లో చిరునామాలకు కొరత లేదు. ప్రతి పరికరానికీ వేరే చిరునామా ఇవ్వవచ్చు. అయితే ఆ చిరునామాల మొదటి భాగం ఇంటికంతటికీ ఒకటే కనుక, అవి ఏ కనెక్షనుకు చెందినవో అప్పుడు కూడా తెలుస్తుంది.

తరంగాలు

ఇంటి రూటర్లు ముఖ్యంగా రెండు పట్టీలలో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో తరంగ దైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. ఈ తరంగాలు గోడలను కొంత మెరుగ్గా దాటుతాయి, దూరం వెళ్తాయి. కాని వేగం తక్కువ. బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ పొయ్యిలు కూడా ఈ పట్టీలోనే పనిచేస్తాయి కనుక వాటి వలన అంతరాయం కలగవచ్చు. 5 గిగాహెర్ట్‌జ్ పట్టీలో తరంగ దైర్ఘ్యం 5, 6 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. వేగం ఎక్కువ, రద్దీ తక్కువ. కాని గోడలు అడ్డుపడితే త్వరగా బలహీనపడతాయి.

వంతులు

ఒక రూటరు పరిధిలో, ఒక ఛానలు మీద, ఒక క్షణంలో ఒక్క పరికరమే మాట్లాడగలగడం సాధారణ నియమం. ప్రతి పరికరం ముందుగా గాలిలో నిశ్శబ్దం ఉన్నదా అని వింటుంది. ఉంటే కొద్ది క్షణాలు ఆగి పంపుతుంది. ఇది సెకనులో వేల సార్లు జరుగుతుంది కనుక అందరూ ఒకేసారి వాడుతున్నట్లు అనిపిస్తుంది. వై-ఫై 6లో ఒకే వంతును కొన్ని పరికరాలకు చిన్న భాగాలుగా పంచే సదుపాయం చేర్చారు.

తరగతిలో పిల్లలు వంతులవారీగా పాఠం చదువుతున్నారనుకుందాం. ఒక విద్యార్థి కూడబలుక్కొని చదివితే మిగిలినవారు ఎక్కువసేపు వేచి ఉండాలి. వై-ఫైలోనూ అంతే. దూరపు గదిలో, బలహీనమైన సంకేతంతో ఉన్న పాత ఫోను అదే సమాచారానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. దాని వలన రూటరు పక్కనే ఉన్న కంప్యూటరు కూడా నెమ్మదిస్తుంది. కదలని టెలివిజను, కంప్యూటరు వంటి వాటిని తీగతో రూటరుకు కలిపితే గాలిలో వంతులు మిగిలి, మిగతా పరికరాలకు మేలు జరుగుతుంది.

వేగం పంపకం

ఇంటి మీది నీళ్ళ ట్యాంకు నుండి వచ్చే గొట్టం ఒక్కటే. కొళాయిలన్నీ ఒకేసారి విప్పితే ప్రతిదానిలోనూ ధార సన్నగిల్లుతుంది. కనెక్షను వేగం కూడా అటువంటిదే. వివిధ పనులకు కావలసిన వేగాలు సుమారుగా ఈ విధంగా ఉంటాయి:

* దృశ్య సహిత తరగతి లేదా సంభాషణ - సెకనుకు 1 నుండి 4 మెగాబిట్లు
* హెచ్‌డీ వీడియో - సుమారు 5 మెగాబిట్లు
* 4కే వీడియో - 15 మెగాబిట్లు, అంతకంటె ఎక్కువ

ఉదాహరణకు 30 మెగాబిట్ల కనెక్షనులో ఒక టెలివిజనుపై హెచ్‌డీ సినిమాకు 5, ఇద్దరు పిల్లల తరగతులకు చెరి 3 చొప్పున 6, మొత్తం 11 మెగాబిట్లు. ఇంకా 19 మిగులుతాయి. అంటే ఇటువంటి ఇంటిలో నెట్ ఆగిపోతూ ఉంటే, ఎక్కువ ధర పథకానికి మారే ముందు రూటరు ఉన్న చోటును పరిశీలించడం మంచిది. రూటరు పక్కన నిలబడి వేగం కొలిచి, తరువాత గదిలో కొలిచి చూస్తే లోపం కనెక్షనులో ఉన్నదా, గాలిలో ఉన్నదా తెలిసిపోతుంది.

పథకాలలో చెప్పే వేగం బిట్లలోను, ఫైళ్ళ పరిమాణం బైట్లలోను ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఒక బైటు 8 బిట్లు. కనుక 100 మెగాబిట్ల కనెక్షనులో సెకనుకు గరిష్ఠంగా పన్నెండున్నర మెగాబైట్లు వస్తాయి.

రూటరు ఉంచవలసిన చోటు

* వీలైనంత వరకు ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున ఉంచాలి. తీగ లోపలికి వచ్చిన మూలలోనే వదిలివేస్తే తరంగాలలో సగం వీధిపాలు అవుతాయి.
* ఇనుప బీరువా, ఫ్రిజ్, అద్దం, నీటి తొట్టి వెనుక ఉంచరాదు. లోహం తరంగాలను వెనుకకు త్రిప్పుతుంది, నీరు పీల్చుకుంటుంది.
* పాత ఇళ్ళలోని మందపాటి రాతి గోడలు, మట్టి గోడలు, ఇనుప చువ్వలున్న కాంక్రీటు కప్పులు తరంగాలను బాగా తగ్గిస్తాయి. అటువంటి ఇళ్ళలో రెండవ రూటరును తీగతో కలిపి మరొక భాగంలో పెట్టుకోవడం మేలైన పద్ధతి.
* తీగ లేకుండా సంకేతాన్ని ముందుకు పంపే విస్తరణ పరికరాలు ఉన్నాయి. ఇవి అందుకోవడానికి, తిరిగి పంపడానికి ఒకే ఛానలును వాడితే వేగం సుమారు సగానికి పడిపోతుంది.
* 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్ళు 1, 6, 11. పక్క ఇంటివారు ఒకటి వాడుతుంటే మనం మరొకటి ఎంచుకోవచ్చు.

కరెంటు పోతే రూటరు ఆగిపోతుంది. చాలా ఇంటి రూటర్లు 12 వోల్టుల డీసీ విద్యుత్తుతో పనిచేస్తాయి కనుక, వాటి కోసమే అమ్మే చిన్న బ్యాటరీ పెట్టెతో కొన్ని గంటలు నడపవచ్చు. అయితే వోల్టులు సరిపోల్చి చూసుకోవాలి.

సెల్ ఫోను హాట్‌స్పాట్

తీగ కనెక్షను లేనప్పుడు సెల్ ఫోనునే రూటరుగా మార్చి, దాని మొబైల్ డేటాను ఇతర పరికరాలకు పంచవచ్చు. దీనిని హాట్‌స్పాట్ అంటారు. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా ధరలు బాగా తగ్గిన తరువాత ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దీనికి వేరే పరికరం అక్కరలేదు. లోపాలు: ఫోను బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది, ఫోను వేడెక్కుతుంది, రోజువారీ డేటా పరిమితి త్వరగా ముగుస్తుంది. కంప్యూటరును హాట్‌స్పాట్‌కు కలిపినప్పుడు అది తనంతట తానే చేసుకొనే నవీకరణలకు డేటా అంతా ఖర్చు కావచ్చు. కంప్యూటరు అమరికలలో ఆ కనెక్షనును "పరిమిత డేటా" కనెక్షనుగా గుర్తిస్తే ఇది తగ్గుతుంది.

భద్రత, బాధ్యత

2008 జూలై 26న అహ్మదాబాదులో వరుస బాంబు పేలుళ్ళు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు టెలివిజను సంస్థలకు ఒక ఈ-మెయిలు అందింది. అది నవీ ముంబాయిలోని ఒక నివాస గృహపు ఐపీ చిరునామా నుండి వెళ్ళినట్లు దర్యాప్తులో కనిపించింది. ఆ ఇంటి వై-ఫైకి సరైన భద్రత లేకపోవడంతో ఇతరులు దానిని వాడుకొన్నారు. కుట్రతో సంబంధం లేని ఇంటివారు పోలీసు విచారణను ఎదుర్కోవలసి వచ్చింది. 2009 ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ వై-ఫై కనెక్షన్లను భద్రపరచడం గురించి సేవాసంస్థలకు ఆదేశాలు జారీ చేసింది.

పైన చెప్పిన ఉమ్మడి కుటుంబపు పోలిక ఇక్కడ కూడా వర్తిస్తుంది. బయటివారికి తెలిసేది ఇంటి నంబరే. లోపల ఎవరు వ్రాశారో రుజువు చేసుకోవలసిన భారం ఇంటివారి మీద పడుతుంది. సాధారణ రూటర్లు తమ పట్టికలను ఎక్కువకాలం దాచవు కనుక ఆ రుజువు దొరకడం కష్టం.

వై-ఫై సంభాషణను గూఢలిపిలోకి మార్చే పద్ధతులు నాలుగు తరాలుగా వచ్చాయి. మొదటిదైన వెప్ బలహీనమని 2001లోనే తేలింది. తరువాత డబ్ల్యుపీఏ (2003), డబ్ల్యుపీఏ2 (2004), డబ్ల్యుపీఏ3 (2018) వచ్చాయి. ఇప్పుడు చివరి రెండింటినే వాడాలి. పాటించవలసిన జాగ్రత్తలు:

* పాస్‌వర్డు కనీసం పన్నెండు అక్షరాలైనా ఉండాలి. ఫోను నంబరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు పనికిరావు. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో కలిపి వ్రాస్తే గుర్తుంచుకోవడం సులువు, ఊహించడం కష్టం.
* రూటరు అమరికల పేజీకి వేరే పాస్‌వర్డు ఉంటుంది. కంపెనీ ఇచ్చిన దానిని తప్పక మార్చాలి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ఇలా మార్చకుండా వదిలేసిన కెమేరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొన్నది.
* ఎనిమిది అంకెల పిన్‌తో కలిపే డబ్ల్యుపీఎస్ సదుపాయంలో లోపం ఉన్నదని 2011లో బయటపడింది. దానిని ఆపివేయడం మంచిది.
* చుట్టాలకు, స్నేహితులకు "అతిథి" నెట్‌వర్కును ఇవ్వాలి. దీని వలన వారికి అంతర్జాలం అందుతుంది కాని ఇంటిలోని కంప్యూటర్లు కనిపించవు.
* పాస్‌వర్డు ఊరంతా తెలిసిపోయిందనిపిస్తే వెంటనే మార్చాలి.

ఇంటికి వచ్చినవారికి మంచినీళ్ళు ఇచ్చినట్లే వై-ఫై పాస్‌వర్డు చెప్పడం నేడు మర్యాదగా మారింది. ఆ మర్యాదను, జాగ్రత్తను రెండింటినీ నిలుపుకోవడానికి అతిథి నెట్‌వర్కు తగిన మార్గం.

ఇరుగుపొరుగుతో పంచుకోవడం

ఒకే కనెక్షనును రెండు, మూడు ఇళ్ళవారు డబ్బు వేసుకొని వాడుకోవడం చిన్న ఊళ్ళలో కనిపిస్తుంది. ఇంటి పథకాలను తిరిగి అమ్మడాన్ని సేవాసంస్థల ఒప్పందాలు సాధారణంగా అనుమతించవు. పైగా పొరుగువారి వాడకానికి కూడా పేరున్న వ్యక్తే జవాబుదారు. కిరాణా కొట్టు, టీ కొట్టు వంటివారు అంతర్జాలాన్ని చట్టబద్ధంగా అమ్మడానికి పీఎం-వాణి అనే పథకం ఉన్నది. కేంద్ర మంత్రివర్గం దీనిని 2020 డిసెంబరులో ఆమోదించింది. దీని ప్రకారం చిన్న దుకాణదారుకు లైసెన్సు, రుసుము అవసరం లేదు. వాడుకరులను గుర్తించే పని వేరే సంస్థలు చేస్తాయి.

ఆరోగ్యం

ఇంటి రూటరు వెలువరించే శక్తి సాధారణంగా వాటులో పదవ వంతు ఉంటుంది. దూరం రెట్టింపైతే దాని తీవ్రత నాలుగవ వంతుకు తగ్గుతుంది. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను "క్యాన్సరుకు కారణం కావచ్చు" అన్న 2బి వర్గంలో చేర్చింది. ఇది పరిమితమైన ఆధారాలను సూచించే వర్గం. వై-ఫై వంటి బలహీన సంకేతాల వలన ఆరోగ్యానికి హాని జరుగుతుందనడానికి నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది.

ఇవి కూడా చూడండి

* అంతర్జాలం
* రేడియో తరంగాలు
* ఆప్టికల్ ఫైబర్
* నారాయణఖేడ్
* సంగారెడ్డి జిల్లా
* మిషన్ భగీరథ